ఆ బిళ్ళను అంగీ చేతి కింద దాచుకునే పనేముంది?

“ఆ బిళ్ళ అతికించుకుంటే షుగర్ తగ్గుతాదా?”

ఈ మాట నన్ను అడగనోళ్లు మా చుట్టుపక్కల ఊర్లలో తక్కువ. జవాబు ఒకటే. తగ్గదు. ఒక్క పాయింటు కూడా తగ్గదు. బోరు దగ్గర స్టార్టరు పెట్టెలో ఓల్టు మీటరు ఉంటాది, అది నీళ్లు తోడుతాదా? తోడదు. కానీ ఓల్టేజీ పడిపోయినప్పుడు ముల్లు చూసి మోటారు ఆపుతాం. లేదంటే వైండింగు కాలిపోయి వేలకు వేలు వదిలిపోతాయి. మోటారుకు మీటరు ఎందుకప్పా అని ఎవరూ అడగరు. మనిషికి మీటరు పెడితేనే నవ్వులు, గుసగుసలు.

రైతు అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా, పోస్టు పొడుగుంటాది, ఓపిక చేసుకోండి. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే పెద్దోళ్లుంటే చదివి వినిపించండి. నేను డాక్టర్ను కాదు. తొమ్మిదేండ్లుగా షుగర్ ఉన్న రైతును, నాలుగేండ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నోణ్ణి, ఈ బిళ్ళను సీజనుకు ఒకసారి చొప్పున ఇప్పటికి నాలుగు సార్లు పెట్టుకున్నోణ్ణి. మందు ఎంత వేసుకోవాలనేది మీ డాక్టరుతోనే తేల్చుకోవాల. నా కొట్లాట వేరే వాళ్లతో, చదువుతా పోతే మీకే తెలుస్తాది.

దీని పేరు కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్. ఆసుపత్రుల్లో సీజీఎం అంటారు. మనోళ్లు బిళ్ళ అంటాండారు, అదే బాగుంది. నేను వాడేది ఫ్రీస్టైల్ లిబ్రే అనేది, 14 రోజులు పని చేస్తాది. పది రూపాయల బిళ్ళ కన్నా కొంచెం పెద్దది, మూడు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. భుజం కింద, చేతి వెనక దిక్కు అతికిస్తారు. వెంట్రుక మాదిరి సన్నటి పోగు ఒకటి తోలు కిందికి పోతాది. నరంలోకి పోదు, రక్తం తీయదు. తోలు కింద కణాల మధ్య ఉండే నీళ్లలో చక్కెర ఎంతుందో చూసి ఫోనుకు చెప్తాది. పెట్టేటప్పుడు చీమ కుట్టినట్టు ఉంటాది, అంతే.

ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోవాల. రక్తంలో చక్కెర ముందు మారతాది, ఆ నీళ్లలో ఐదు పది నిమిషాలు ఆలస్యంగా మారతాది. ఎల్లెల్సీ కింద మడి ఉన్నోళ్లకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాంలో గేటు ఎత్తినంత మాత్రాన మన తూములో నీళ్లు ఉండవు కదా. అట్లనే ఫోనులో 80 అని పడి, పక్కన బాణం కిందికి చూస్తాంటే, రక్తంలో అప్పటికే అంతకంటే తక్కువ ఉండొచ్చు. అంకె ఒక్కటే చూస్తే చాలదు, బాణం కూడా చూడాల. వొళ్లు ఒకటి చెప్తా ఫోను ఇంకోటి చెప్తే, వేలు పొడిచి పాత మీటర్లో చూసుకోవాల. బిళ్ళ వచ్చిందని పాత మీటరు పారేయొద్దు.

ఇంగ అసలు విషయానికి వస్తా.

మనం ఇన్నాళ్లు చేస్తాండేది ఏంది? మూడు నెల్లకోసారి ఆదోనికో ఎమ్మిగనూరుకో బస్సెక్కి, పరగడుపున రక్తమిచ్చి, చీటీలో ఒక అంకె రాయించుకుని, ఆ అంకె చూపించి మందు పెంచుకుని రావడం. ఆ రోజు మనం గుంటక తోలినామా? కలుపు తీసినామా? ఏమీ చేయలేదు, బస్సులో కూర్చుని పోయినాం. పని లేని రోజు తీసిన అంకెతో, పని ఉన్న మూడు నెల్లకు మందు రాయించుకుంటాం. ఇంకో పరీక్ష ఉండాది, హెచ్‌బీఏ1సీ అని, మూడు నెల్ల సరాసరి చెప్తాది. మంచి పరీక్షే, మానేయమని నేను చెప్పను. కానీ సరాసరి అనే మాట వింటే మనకు ఒళ్లు మండాల. జిల్లా సరాసరి వానపాతం బాగానే ఉందని కాగితం మీద రాసుకుంటారు, మన మండలంలో శనక్కాయ చెట్టు నిలువునా ఎండిపోయి ఉంటాది. మధ్యాన్నం 300, రాత్రి 50 ఉన్నోనికి కూడా సరాసరి ముద్దుగానే వస్తాది.

షుగర్ అంటే ఎక్కువయ్యే రోగం అనే మన బుర్రల్లో ఉండాది. ఎక్కువ షుగర్ ఏండ్ల మీద కండ్లు, కిడ్నీలు, కాళ్లు తింటాది, నిజం. తక్కువ షుగర్ గంటలో మనిషిని పడేస్తాది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మింగేవాళ్లకు ఈ గండం ఉండాది. 70 కిందికి వస్తే తక్కువ, 54 కిందికి పోతే ప్రమాదం. పట్నం డాక్టరు రాసే మందు ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకు అన్నం, రాత్రి ఎనిమిదింటికి మళ్లీ అన్నం తినేవానికి సరిపోతాది. మన బతుకు అట్ల ఉందా? పొద్దున ఆరున్నరకు సూది వేసుకుని, రెండు గుక్కలు టీ తాగి చేనికి పోతాం. సద్ది విప్పేది పది దాటినాక. పత్తి తీసే రోజుల్లో అదీ లేదు, ఎండ ముదిరే లోపల ఇంకో సాలు అయిపోవాలంటాం. ఇంట్లో అందరికీ పెట్టి ఆఖర్న తినే ఆడోళ్ల సంగతి ఇంకా అన్యాయం. సూది టైముకు పడతాది, ముద్ద మాత్రం ఎవరికీ పట్టదు.

ఆదోని యార్డుకు పత్తి తీసుకుపోయినోళ్లకు తెలుసు. తెల్లారకముందే బండి కట్టాల, లాటు పోసుకుని కాపలా కూర్చోవాల, టెండరు పడేదాకా కదలడానికి లేదు, తర్వాత తూకం. మధ్యలో లేచి పోయి తిందామంటే మూటల దగ్గర ఎవరుంటారు? పోయిన సీజన్లో ఆడనే, పదిన్నర దాటినాక ఫోను చూస్తే 92, బాణం నిట్టనిలువుగా కిందికి ఉండాది. నా వొళ్లు నాకు ఏమీ చెప్పలేదు. చెమట పట్టింది, కానీ ఆ యార్డులో చెమట పట్టంది ఎవరికి? జోబులో ఉన్న గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగి, పక్క లాటు ఆయనను చూస్తాండమని చెప్పి ఉగ్గాని తిని వచ్చినా. అరగంటకు 118. బిళ్ళ లేకపోతే ఏమయ్యేదో నేను చెప్పలేను, ఏమీ కాకపోయి ఉండొచ్చు కూడా. కానీ ఎంతమంది యార్డులో, చేన్లో, బస్టాండులో పడిపోతే “తాగినాడ్లే” అని పక్కకు లాగి పోయినామో ఒకసారి మనసులో లెక్క వేసుకోండి. షుగర్ పడిపోయినోని మాట తడబడతాది, కాళ్లు తూలతాయి, ఊరికే కోపం వస్తాది. చూసేవానికి తాగినోనికి, వీనికి తేడా తెలీదు.

అట్ల ఎవరైనా కనబడితే, మెలకువ ఉండి మింగగలిగితే, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాపండి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి, తర్వాత రొట్టో అన్నమో పెట్టండి. లడ్డు, చాక్లెట్టు వద్దు, నెయ్యి కొవ్వు ఉంటే చక్కెర నెమ్మదిగా ఎక్కుతాది. స్పృహ లేనోని నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పక్కకు పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. మాత్ర వల్ల పడిపోయింటే లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకుపోవాల, ఆ మాత్రల వల్ల కొన్ని గంటలకు మళ్లీ పడిపోతాది.

రాత్రి సంగతి ఇంకా ఘోరం. పగలంతా బరువు పని చేస్తే ఆ ప్రభావం ఆ రాత్రంతా ఉంటాది, ఒక్కోసారి మరుసటి రోజు దాకా. నేను కలుపు తీసిన రోజుల్లో నడిరేయి రెండు, మూడు గంటలప్పుడు గీత 60 దాకా దిగి మళ్లీ పైకి ఎక్కేది. పొద్దున వేలు పొడిస్తే 150! ఆ 150 చూసి మందు చాలట్లేదు అంటారు ఎవరైనా. గీత ఫోనులో చూపించినాక మా డాక్టరు రాత్రి డోసు తగ్గించినాడు. పెంచాల్సిన చోట తగ్గించడం! వేలు పొడిచే మీటరుతో ఇది తెలియాలంటే రోజూ రాత్రి రెండింటికి లేచి కూర్చోవాల.

అలవాటు పడడం గురించి అడుగుతాండారు కాబట్టి చెప్తా. మొదటి రోజు అంకెలు కొంచెం అటు ఇటు ఉంటాయి, కంగారు పడొద్దు. మూడు నాలుగు రోజులు చెయ్యి దాని మీదికే పోతాది, గంటకు పదిసార్లు ఫోను చూస్తాం. టీ తాగినా భయమే, మామిడిపండు వాసన చూసినా భయమే. మా పిల్లోడు బెంగుళూరులో ఉంటాడు, వాని ఫోనులో కూడా నా అంకె కనబడేటట్లు పెట్టుకున్నాడు. ఇంగ చూడండి, మధ్యాన్నం ముద్ద దిగకముందే ఫోను: “నాయనా, ఏం తిన్నావు?” వారానికి వాడే అలసిపోయినాడు. నేను కూడా అన్నానికి ముందు, రెండు గంటల తర్వాత, పడుకునేముందు చూసుకోవడానికి దిగినా. అదే సరైన పద్ధతి. ఏం తిన్నా కొంచెం పెరగకుండా ఉండదు, షుగర్ లేనోనికీ పెరుగుతాది. రోజులో ఎక్కువ సేపు 70కి 180కి మధ్య ఉంటే, అంటే నూటికి డెబ్బై పాళ్లు ఉంటే, మంచిదని డాక్టర్ల లెక్క. ముసలోళ్లకు ఆ లెక్క వేరే, వాళ్లకు తక్కువ కాకుండా చూసుకోవడమే మొదటి పని.

సేద్యం చేసే ఒంటికి కొన్ని తిప్పలు వేరే ఉంటాయి. మందు కొట్టే పంపు పట్టీ, గంప, మూట ఏ భుజానికి వేసుకుంటారో చూసుకుని రెండో చేతికి పెట్టించుకోండి. టెంకాయ నూనె రాసుకున్న చేతికి అంటుకోదు, సబ్బుతో కడిగి, స్పిరిట్టుతో తుడిచి, బాగా ఆరినాక పెట్టాల. ఎండాకాలం చెమటకు అంచులు లేస్తాయి, పైన టేపు వేసుకోవచ్చు, నడుమ ఉండే చిన్న బొక్క మాత్రం మూయొద్దు. స్నానం చేయొచ్చు, బావిలో గంటల తరబడి ఈత వద్దు. ఆ చేతి మీద బరువేసి పడుకుంటే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాది, నడిరేయి 55 అని చూసి బెదిరిపోకుండా అటు పక్కకు తిరిగి, వేలు పొడిచి చూసుకోండి. సి విటమిను మాత్రలు ఎక్కువ మింగితే కొన్ని బిళ్ళలు తప్పు అంకె చూపిస్తాయి. ఎన్ఎఫ్‌సీ లేని చౌక ఫోన్లతో కొన్ని రకాలు పని చేయవు. కొనకముందే ఫోను చూపించి అడగండి. షుగర్ పడిపోతే మోగే రకం ఏదో, మోగని రకం ఏదో కూడా అడగండి.

తిండి గురించి. చిరుధాన్యాలు తింటే షుగరే రాదని ఊరూరా అరుస్తాండారు కదా, వాళ్లకు ఈ బిళ్ళ మంచి మందు. నాకు రెండు జొన్న రొట్టెలు, పుండికూర, శనక్కాయల పొడి తింటే 160 దాటదు. తెల్లన్నం, చారు తింటే 250. అంతవరకు మన అవ్వలు చెప్పిందే. కానీ రాగి సంగటి పెద్ద ముద్ద తింటే 230! మంచిదని రెండింతలు తింటే మంచిది కాకుండా పోతాది. ఉగ్గాని, బజ్జీ సంగతి చెప్పను, మీరు మానుకోరు, నేనూ మానుకోలేదు. తగ్గించినా. రాత్రి తిన్నాక ఊరి బయట దాకా ఇరవై నిమిషాలు నడిచి వస్తే గీత వంగడం కండ్లారా చూసినా. ఈ అంకెలు నా ఒంటివి, మీ ఒంటికి వేరే ఉంటాయి, అందుకే ఎవరి గీత వాళ్లు చూసుకోవాల. కాషాయం తాగితే ఇన్సులిన్ మానేయొచ్చు అని మందు అమ్మేవాడు ఎవడన్నా వస్తే, రెండు వారాలు బిళ్ళ పెట్టుకుని నీ మందు తాగుతా, గీత చూద్దాం అనండి. వాడు మళ్లీ ఊర్లోకి రాడు.

ఇంగ దాచుకోవడం. ఎండాకాలంలో నిండు చేతుల అంగీ వేసుకుని తిరిగే మనుషులను నేను చూసినా. రైక చేతి కింద టేపు చుట్టుకునే అక్కలను చూసినా. ఎందుకంటే “ఫలానా ఆయనకు యంత్రం పెట్టినారంట, ఇంగ ఎన్నాళ్లో” అంటారని. ఇంట్లో పెండ్లీడు పిల్ల ఉంటే సంబంధాలు చెడిపోతాయని. ఏమప్పా, దొంగతనం చేసినామా? 2023లో ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉండాది. పల్లెల్లో పెద్దోళ్లలో నూటికి దగ్గరదగ్గర తొమ్మిది మందికి. అంటే ఏ రచ్చకట్ట మీద పదకొండు మంది కూర్చున్నా ఒకాయనకు ఉండొచ్చు. కండ్లద్దాలు పెట్టుకున్నోణ్ణి చూసి గుసగుసలాడతామా? దాచుకుంటే పోయేది పరువు కాదు. రేపు చేన్లో పడిపోతే, పక్కనున్నోనికి చక్కెర నీళ్లు తాపాలని తెలియకుండా పోతాది. మన కూలీలకు, పక్క చేను ఆయనకు ముందే చెప్పి పెట్టుకోవాల, నేను తిక్కగా మాట్లాడితే చక్కెర తాపండి అని.

అట్లని అందరూ కొనండి అని నేను చెప్పను. ఆడ నా రెండో కొట్లాట. ఒక బిళ్ళ నాలుగైదు వేలు. 2025-26 పత్తి మద్దతు ధర మధ్య రకానికి 7,710 రూపాయలు. అంటే చేతికి అతికించుకునేది అర క్వింటాలు దాటిన పత్తి. ఏడాదంతా పెట్టుకుంటే 26 బిళ్ళలు, లక్ష దాటుతాది. వానాధారం సేద్యంలో రెండెకరాల పంటను చేతికి కట్టుకోవడమే. ఇట్లాంటి వస్తువును మెట్‌ఫార్మిన్ ఒక్కటే మింగేవానికి, తిండి జాగ్రత్తతో నెగ్గుకొస్తున్నోనికి, ఆఖరుకు షుగరే లేనోనికి కూడా “ప్యాకేజీ”లో కలిపి అమ్మేస్తాండారు. మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో షుగర్ పడిపోవడం అరుదు. వాళ్లకు వేలు పొడిచే మీటరు చాలు. స్ట్రిప్పుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది, షాపులో ఆ తగ్గిన ధర అడిగి తీసుకోండి. ఎవరైనా బిళ్ళ అంటగడితే, దీన్ని చూసి నా మందులో ఏం మారుస్తారు సార్ అని అడగండి. మార్చేదేమీ లేకపోతే కొనొద్దు. ఇంకొందరు డాక్టర్లు ఉండారు, బిళ్ళ రాస్తారు, 14 రోజుల గీత తీసుకుపోతే చూడ్డానికి టైము లేదంటారు. చూడనిదానికి నాలుగు వేలు ఎందుకు పెట్టించినారో వాళ్లే చెప్పాల.

మరి ఎవరికి కావాల? ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, అందులోనూ రాత్రిళ్లు పడిపోయేవాళ్లకు, తెలియకుండా పడిపోయేవాళ్లకు. ఇన్సులిన్ మీద ఉన్న గర్భిణులకు. అన్నిటికన్నా ముందు టైపు 1 పిల్లలకు. ఆ పిల్లల ఒంట్లో ఇన్సులినే తయారు కాదు, పుట్టిన తప్పు తప్ప వేరే తప్పు లేదు. రోజుకు నాలుగు సూదులు, ఆరేడు సార్లు వేలు పొడవడం, రాత్రి తల్లి అలారం పెట్టుకుని లేవడం. మనలాంటి పెద్దోళ్లు సీజనుకు ఒక బిళ్ళ పెట్టుకుని, పని ఉన్న రోజుల గీత డాక్టరుకు చూపిస్తే చాలావరకు దారి తెలుస్తాది. ఆ పిల్లలకు అట్ల కాదు, ఏడాదంతా కావాల. కోసిగి, మంత్రాలయం దిక్కు నుంచి గుంటూరుకు మిరపకాయలు తెంపడానికి వలసపోయే ఇండ్లలో అట్లాంటి పిల్లోడు ఉంటే ఏం గతి? డేరాలో ఫ్రిడ్జి ఉండదు, ఇన్సులిన్ను తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండలో దాచుకోవాల. ఆ ఇంటికి నెలకు రెండు బిళ్ళలు కొనమని ఎట్ల చెప్తాం?

సర్కారును అడగాల. ఇది గొంతెమ్మ కోరిక కాదు. కేరళలో “మిఠాయి” అనే పథకం కింద టైపు 1 పిల్లలకు ఇన్సులిన్‌తో పాటు ఈ బిళ్ళలు కూడా ఇస్తాండారు. ఇంగ్లండులో 2022 నుంచి టైపు 1 ఉన్న ప్రతి ఒక్కరికీ సర్కారు ఆసుపత్రుల ద్వారా ఇవ్వాలని నిర్ణయం ఉండాది. మన రాష్ట్రంలో కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నోళ్లకు నెలకు 10,000 పింఛను ఇస్తాండారు. ఇవ్వాల్సిందే, అది వాళ్ల హక్కు. కానీ డయాలసిస్ మంచాల దగ్గరికి పోయి అడగండి, అందులో ఎంతమంది షుగర్ నుంచి వచ్చినోళ్లో. కిడ్నీ పోయినాక పదివేలు ఇచ్చే చెయ్యి, కిడ్నీ ఉన్నప్పుడు నాలుగు వేలు ఇవ్వడానికి ఎందుకు ముడుచుకుపోతాది? ఇన్సులిన్ కనిపెట్టిన టొరంటో వాళ్లు 1923లో దాని పేటెంటు హక్కును తలా ఒక్క డాలరుకు యూనివర్సిటీకి ఇచ్చేసినారు, అందరికీ అందాలని. నూరేండ్లు దాటినాక కూడా మన పల్లెలో పిల్లోనికి బిళ్ళ అందాలంటే పత్తి అమ్మాల.

పీహెచ్‌సీకి పోయినప్పుడు మాత్రలు తీసుకుని గమ్మున రావొద్దు. ఇన్సులిన్, సిరంజీలు, స్ట్రిప్పులు ఉన్నాయా లేవా అడగండి, లేవంటే ఎప్పుడొస్తాయో అడగండి. సోమవారం అర్జీల రోజు ఆదోని సబ్ కలెక్టర్ ఆఫీసుకు మన దిక్కు నుంచి పొలం తగాదాల కాగితాలే పోతాయి. ఈసారి టైపు 1 పిల్లల కోసం ఒక అర్జీ పెట్టాలనుకుంటాండా. మీ ఊర్లో అట్లాంటి పిల్లలు ఉంటే వాళ్ల అమ్మానాయనలకు చెప్పండి. డాక్టరు చీటీ జిరాక్సు, ఆధార్ జిరాక్సు, నెలకు మందులకు ఎంతైతుందో రాసిన కాగితం, ఈ మూడు తెచ్చుకోమనండి. పొద్దున సద్ది తినే రండి, ఆడ వరస పెద్దగా ఉంటాది.